ఉప్పు కడిగిన బండి

"బండి పడుకుందక్కా. పడుకున్న బండి ఉప్పులోకి ఎలా వెళ్తుంది?"

క్లెమెంతే ఈ మాట అనడం ఇది నాలుగోసారి. అడిగినదానికి కాకుండా తనకి తోచినదానికి జవాబు చెప్పేవాళ్ళంటే రెమెదియోస్ వరాచికి ఒళ్ళుమంట. ట్రాఫిక్ పోలీసులో సార్జెంటుగా చేసి బయటికొచ్చాక సొంతంగా కేసులు పట్టుకుంటున్న మనిషి ఆవిడ. ఉప్పు మైదానం అంచున ఉన్న ఉయూనీ ఊళ్ళో తిరిగే ప్రతి బండి పుట్టుపూర్వోత్తరాలూ ఆవిడకి తెలుసు. ఈ క్లెమెంతే టూరిస్టులని తిప్పే డ్రైవరనీ, కోపం ముక్కుమీద ఉంటుందనీ కూడా తెలుసు. హత్య చెయ్యగలడా లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

పోలీస్ స్టేషన్ వెనకగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, వెలిగించని పొయ్యి. జూలై అంటే అక్కడ నడిచలికాలం, ఇద్దరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. మూడింటికి జైలు వ్యాను పొతోసీ బయల్దేరుతుంది. అందులో ఎక్కించినవాడి కేసు విచారణకి వచ్చేసరికి వాడి పిల్లలు పెళ్ళికెదుగుతారు. ఆ లోపల ఏదో ఒకటి తేల్చమని క్లెమెంతే భార్య కాసిల్దా పొద్దున్నే వచ్చి రెమెదియోస్ తలుపు బాదింది.

"పడుకోవడం అంటే ఏమిటి? నాకేమీ తెలియదనుకుని చెప్పు."

"దానికి మామూలు స్ప్రింగులుండవక్కా. ఒక్కో చక్రం దగ్గర ఒక్కో గాలిసంచి. కంప్రెసర్ గాలి కొడితే బండి లేస్తుంది, లేకపోతే కూలబడుతుంది. కొన్న కొత్తలో రాత్రికి కాస్త కుంగేది, పొద్దున్న ఇంజను వెయ్యగానే లేచేది. పది రోజుల క్రితం లేవడం మానేసింది. పొట్ట నేలకి ఆనకుండా రైలుపట్టాల కింది స్లీపర్ దిమ్మలు తెచ్చి నేనే పెట్టాను."

"కంప్రెసర్ పోయిందని ఎవరు చెప్పారు?"

"మా బావ. బెనిగ్నో. కాలిపోయింది, సరిహద్దు దాటి సముద్రపు రేవు నుంచి తెప్పించాలి అన్నాడు."

బెనిగ్నో అంటే కాసిల్దాకి అన్న. ఊళ్ళో పేరున్న మెకానిక్.

రెమెదియోస్ కోకా ఆకులు రెండు దవడన పెట్టుకుంది. జరిగిందేమిటో ఆవిడకి ముందే తెలుసు. శనివారం పొద్దున్న ఉప్పు తవ్వేవాళ్ళకి కొల్చానీ పల్లె దాటాక తెల్లటి మైదానం మధ్యలో లియోన్సియో శవం కనబడింది. పాత బండ్లు అమ్మే బేరగాడు. గాయం లేదు. కడుపునిండా సారాయి ఉంది, ఒంటిమీద కోటూ కాళ్ళకి బూట్లూ లేవు. ఆ చలిలో ఇంక కత్తీ తుపాకీ అక్కర్లేదు. పక్కనే వెడల్పాటి టైర్ల అచ్చులు, వచ్చినవీ వెళ్ళినవీ. అంత వెడల్పు టైర్లు ఈ చుట్టుపక్కల క్లెమెంతే బండికి తప్ప లేవు.

"గురువారం సంతలో లియోన్సియోని ఏమన్నావు?"

క్లెమెంతే తల దించుకున్నాడు. "చంపి ఉప్పులో పాతేస్తానన్నాను."

"భలే చెప్పావు. ఊరంతా విన్నారా?"

"గట్టిగానే అన్నాను."

"ఎందుకు?"

"బండిలో కాలికింద కార్పెట్ తడిగా ఉందని ఎత్తి చూశాను. నేల మొత్తం తుప్పు. పైన నల్లరంగు కొట్టి కొత్త కార్పెట్ పరిచాడు. కాలు గట్టిగా వేస్తే రోడ్డు కనబడేలా ఉందక్కా. ఇది ఒక్కటేనా! నెలకో పార్టు. ఒకరోజు కిటికీ దిగదు, ఒకరోజు తలుపు వేసున్నా తెరిచుందని కుయ్యోమంటుంది. పెట్రోలు మంచినీళ్ళలా తాగుతుంది. గని యజమాని ఎక్కి తిరిగిన బండి, నా చేతికి వచ్చేసరికి దాని సంపాదన దానికే చాలలేదు."

"మరి ఎందుకు కొన్నావయ్యా?"

అతని మొహంలో అప్పటిదాకా లేని వెలుగు వచ్చింది. కేసంతా మర్చిపోయినట్టు ముందుకి వంగాడు.

"పలకరించిందక్కా. నిజం. లియోన్సియో తాళం నా చేతికిచ్చి దగ్గరికెళ్ళు అన్నాడు. నేను ఇంకా ముట్టుకోలేదు. మూసుకున్న సైడద్దాలు వాటంతటవే తెరుచుకున్నాయి. కింద చిన్న దీపాలు వెలిగి నేను అడుగుపెట్టే చోటు చూపించాయి. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ డొక్కు బండ్లు తోలాను. ఒక్కటీ నన్ను గుర్తుపట్టలేదు."

రెమెదియోస్ నవ్వలేదు. నవ్వితే ఏడుస్తాడేమో అనిపించింది. "తాళాలు ఎన్నిచ్చాడు?"

"ఒక్కటే. రెండోది పాత యజమాని పారేసుకున్నాడట. ఉన్నదాన్ని పోలీసులు పట్టుకుపోయారు."

"ఎవరికీ చూపించకుండానే కొన్నావా?"

"అంత వెర్రివాణ్ణి కాదు. మా బావ చూశాడు. కింద దూరి, పైకెక్కి, పూటంతా చూసి ఇనప గుండులా ఉంది కొనెయ్ అన్నాడు. చర్చి ముందు దీవెన చేయించినప్పుడు బండికి జ్ఞానతండ్రి కూడా ఆయనే. చక్రాలకి బీరు పోశాడు, బానెట్ మీద రంగుకాగితాలు చల్లాడు, ఈ రాణిగార్ని ఉప్పులోకి దించనని నా చేత ఒట్టు పెట్టించాడు. నేను ఎప్పుడూ దించలేదు. కొండల వైపే తిప్పాను."

"లియోన్సియోతో మళ్ళీ మాట్లాడావా?"

"లేదు. శుక్రవారం కబురు పంపాడు. ఆదివారం రా, బండి వెనక్కి తీసుకుంటాను, ఆ కార్పెట్ పరవమన్నది ఎవరో కూడా అందరి ముందూ చెప్తాను అన్నాడు. ఆ ఒక్క కబురుతో నా కోపం సగం చల్లారింది."

"ఆ కబురు సంగతి ఎవరికి చెప్పావు?"

"ఇంట్లో చెప్పాను. మా బావకి చెప్పాను. ఇంకెవరికి చెప్పుకుంటాను?"

తలుపు తట్టకుండా తెరుచుకుంది. లెఫ్టినెంట్ అంతెసానా చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. కొచబాంబా లోయ నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర అధికారి. ఈ చలినీ, ఈ ఊరినీ, ఈ ఊరి ముసలి సార్జెంట్లనీ ఒకేలా ఈసడించుకుంటాడు.

"మాజీ సార్జెంటు గారి ముచ్చట్లు ఇంకా అవలేదా? పాపం, ఉద్యోగం వదిలేసినవాళ్ళకి కాలక్షేపం కావాలిగా."

"మీకంటే ముందు నుంచీ ఇక్కడే కాలక్షేపం చేస్తున్నానండీ. ఆ బండిని ఒకసారి చూడనిస్తారా?"

"చూసుకోండి. నేనూ వస్తాను. తాడు కట్టి లాగించుకుపోవడానికి ట్రక్కు చెప్పాను, అది వచ్చేలోపల ఎంత చూస్తారో చూడండి." క్లెమెంతే వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం స్వెట్టర్ ఇంకోటి వేసుకో. పొతోసీ ఇంతకంటే ఎత్తు."

బండి ఉన్నది రైల్వే లైను పక్క అద్దె దొడ్లో, రేకుల షెడ్డు కింద. గేటుకి గొలుసే తప్ప తాళం లేదు. పడుకున్న బండిని ఎవడెత్తుకుపోతాడని క్లెమెంతే పెట్టలేదు. గేటు దగ్గరే కాసిల్దా నిలబడి ఉంది. శాలువా అంచు నలిపి నలిపి ముద్ద చేసింది.

"అక్కా, మా అన్నకి ఫోన్ చేశాను. బండిని పోలీసులు పట్టుకుపోతున్నారు, నువ్వు రా అన్నాను. ఈ బండి గురించి ఏదైనా ఆయనకే తెలుస్తుంది."

"మంచిపని చేశావు," అంది రెమెదియోస్, బుర్ర వేరే చోట ఉండి. ఆ మాట ఎంత నిజమో ఆవిడకి తర్వాత కానీ తెలియలేదు.

నల్లటి పెద్ద బండి. తోలు సీట్లు, గోధుమరంగు చెక్క పలక, పగిలిన అద్దం మూల టేపు. నాలుగు దిమ్మల మీద పొట్ట ఆనించి కూలబడి ఉంది. రెమెదియోస్ గోనెపట్టా పరుచుకుని, టార్చి పట్టుకుని నేలమీద వెల్లకిలా పడుకుంది. దిమ్మల మధ్య తల పట్టడమే గగనమైంది. అంతెసానా వెంట వచ్చిన కానిస్టేబుల్ మొహం తిప్పుకుని నవ్వాడు.

"ఏమన్నా దొరికిందా?" అన్నాడు అంతెసానా. "నేను చెప్పనా? కింద శుభ్రంగా కడిగారు. శనివారం పొద్దున్న మేము వచ్చేసరికి ఆ వెనక దిమ్మ బండికి ఐసుతో అతుక్కుపోయి ఉంది. సుత్తితో కొట్టి ఊడదీశాం. నేరం చేసినవాడు కడుక్కుంటాడు. పోలీసు పాఠాల్లో ఇది మొదటిది."

టార్చి వెలుగులో బండి కడుపంతా నల్లగా మెరుస్తోంది. డీజిల్లో వాడేసిన ఇంజనాయిల్ కలిపి కొట్టిన పూత, కొత్తది. ఇరుసు వెనక, వేలు దూరని సందులో మాత్రం తెల్లటి బెడ్డ ఒకటి. గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. ఉప్పు. బండి వెళ్ళింది. క్లెమెంతే ఎంత మొత్తుకున్నా, బండి ఉప్పులోకి వెళ్ళే వచ్చింది.

లేచి దుమ్ము దులుపుకుంది. "లెఫ్టినెంట్ గారూ, కడిగినవాడు ఎందుకు కడిగాడంటారు?"

"వెళ్ళలేదని నమ్మించడానికి."

"అంత తెలివైనవాడు శవం పక్కన టైర్ల అచ్చులు బారెడు పొడవున వదిలేసి వస్తాడా? దాచడానికి కడగలేదండీ. ఉండబట్టలేక కడిగాడు. ఉప్పులోంచి వచ్చిన బండిని కడగకుండా, నూనె కొట్టకుండా వదిలెయ్యడం ఈ ఊరి డ్రైవర్ల చేత కాదు. కడుపు మాడుతున్నా, ఇంటికి చుట్టాలొచ్చినా ముందు బండి కింద దూరతారు. మీ లోయలో పుట్టినవాడైతే నేరుగా తెచ్చి పెట్టేసి పారిపోయేవాడు. వీడు మనిషిని చలికి వదిలేసి వచ్చాడు, బండిని మాత్రం ఉప్పుకి వదల్లేకపోయాడు."

"అయితే మీ క్లెమెంతేనే. ఈ ఊరివాడు, డ్రైవరు, బండంటే ప్రాణం. నా పని మీరే చేసిపెడుతున్నారు."

కాసిల్దా చిన్నగా మూలిగింది. రెమెదియోస్ చూడనట్టు బానెట్ తెరిచింది. పోలీసులు బ్యాటరీ తీగ ఊడదీసి పక్కన పెట్టారు. దాన్ని మళ్ళీ బిగించింది.

సైడద్దాలు రెండూ గిర్రున తెరుచుకున్నాయి. తలుపుల కింద దీపాలు వెలిగాయి. కానిస్టేబుల్ ఒక్క గెంతు వెనక్కి వేశాడు. అంతెసానా కూడా వేశాడు కానీ, జేబులోంచి ఏదో తీస్తున్నట్టు సర్దుకున్నాడు.

"ఇదేం దయ్యం?"

"దయ్యం కాదు, మీ జేబులో తాళం ఉంది. దగ్గరికొస్తే గుర్తుపడుతుంది. ఇటివ్వండి, ఇంజను వేస్తాను."

"వేస్తే ఏమవుతుంది? లేవదుగా?"

"లేవదనే అంటున్నారు. ఎందుకు లేవదో వినాలి."

ఇంజను గురకపెట్టి అందుకుంది. రెమెదియోస్ బండి లేపే మీట నొక్కి, తల వంచి వింది. ఏమీ లేదు. కాలిన కంప్రెసరైనా ఒక్కసారి మూలుగుతుంది, లేదా ఫ్యూజు తింటుంది. దీనిలో ఊపిరే లేదు. తిరిగొచ్చి ఫ్యూజుల పెట్టె మూత ఎత్తింది. ఒక గడి ఖాళీగా ఉంది. కంప్రెసర్‌కి కరెంటు అందించే, అగ్గిపెట్టెలో సగం ఉండే చిన్న రిలే ఉండాల్సిన చోటు. చుట్టూ దుమ్ము పేరుకుంది, ఆ గడి మాత్రం కొత్తగా తళతళలాడుతోంది.

పోయిన కంప్రెసర్ కాదు. ఎవరో తీసేసిన రిలే.

పక్క గడిలో హారన్ రిలే అదే సైజుది. దాన్ని పీకి ఖాళీ గడిలో నొక్కింది.

బండి కడుపులోంచి గరగరమని చప్పుడు మొదలైంది. వెనకభాగం ముందు లేచింది. కాసేపు ఆగింది. తర్వాత ముందుభాగం లేచింది. పడుకున్న ఒంటెజాతి లామా లేచి నిలబడ్డట్టు, తొందరేమీ లేకుండా లేచి, దిమ్మలని వదిలేసి పూర్తి ఎత్తున నిలబడింది. కాసిల్దా శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె మొగుడు దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుకున్నాడు.

అంతెసానా చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు, నెమ్మదిగా, గ్లవ్సులతో.

"చాలా సంతోషం మేడమ్. నా కేసులో ఒక్కటే చిల్లు ఉండేది. పడుకున్న బండి ఎలా వెళ్ళిందని లాయరు అడుగుతాడేమోనని రాత్రి నిద్రపట్టలేదు. ఆ చిల్లు మీరు పూడ్చేశారు. బండి పడుకోలేదు. మీవాడు పడుకోబెట్టాడు. రిలే తీసి జేబులో వేసుకుని, పదిరోజుల ముందు నుంచీ ఊరందరికీ పడుకుందని చాటుకున్నాడు." తాళం ఆవిడ చేతిలోంచి తీసుకుని, ఇంజను ఆపి, తలుపులు తాళం వేశాడు. అద్దాలు ముడుచుకున్నాయి. "ఒరేయ్, ఈ తాళం స్టేషన్లో అప్పగించి, ట్రక్కుని వెంటపెట్టుకుని రా. జీపు తీసుకెళ్ళు."

కానిస్టేబుల్ తాళం తీసుకుని వెళ్ళాడు. జీపు చప్పుడు రైలు పట్టాలు దాటి దూరమైంది. షెడ్డు కింద నీడలో నల్లబండి దీపాలారిపోయి నిలబడింది.

రెమెదియోస్‌కి చెమట పట్టింది, ఆ చలిలో. తను తవ్వింది తన మనిషికే గొయ్యి అయింది. కాసిల్దా కళ్ళలోకి చూడటానికి మొహం చెల్లలేదు. అటూ ఇటూ నాలుగడుగులు వేసింది. ఎక్కడో ఏదో తప్పింది. కడిగారు, నూనె కొట్టారు, తెచ్చి పెట్టారు, ఐసు కట్టింది. ఐసు.

ఆగిపోయింది.

"లెఫ్టినెంట్ గారూ, దిమ్మకి ఐసు పట్టిందన్నారు. నేలమీద ఎంత ఉంది?"

"నేలమీదా? ఏమీ లేదు. చుక్కలు పడ్డ మరకలు నాలుగో అయిదో."

"ఇంత బండి అడుగంతా కడిగితే ఈ దొడ్డి గడ్డకట్టిన చెరువవ్వాలి. మట్టినేల, బురదలో కాళ్ళ అచ్చులు కూడా ఉండాలి. చుక్కలే పడ్డాయంటే ఎక్కడో కడిగి తడితడిగా తెచ్చి పెట్టారు. అదిగో కుళాయి. తిప్పండి."

అంతెసానా కుళాయి తిప్పాడు. దగ్గినట్టు చప్పుడు చేసి సన్నటి ధార వచ్చింది.

"మధ్యాహ్నం కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది," అంది రెమెదియోస్. "జూలైలో ఈ వీధుల్లో పొద్దెక్కేదాకా గొట్టాల్లో ఐసే. మీ క్వార్టర్లో హీటరుంది, మీకు తెలియదు. మేము రాత్రే బకెట్లు నింపి వాటి మీద దుప్పటి కప్పుతాం. తెల్లవారకముందు ఇంత బండి కడగడానికి నీళ్ళెక్కడివి? చన్నీళ్ళైతే పోసిన చోటే గడ్డకడతాయి. ఉప్పు కరగాలంటే వేణ్ణీళ్ళు కావాలి, కింద దూరడానికి గొయ్యి కావాలి. క్లెమెంతే ఇంట్లో ఉన్నది ఒక కెటిల్. ఇంకో మాట. చంపుతానన్నవాడి పక్కన కూర్చుని లియోన్సియో కడుపునిండా తాగుతాడా? తాగించినవాడు వాడికి కావలసినవాడు."

అంతెసానా కుళాయి కట్టేశాడు, మళ్ళీ తిప్పాడు. "అలాంటి నీళ్ళు ఎవరి దగ్గరుంటాయి?"

ఊళ్ళో చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. అడగాల్సిన పని లేకపోయింది. రెమెదియోస్ వెనక్కి తిరిగేసరికి కాసిల్దా మొహంలో రక్తం లేదు.

"చెప్పమ్మా."

"ఏం చెప్పను?" కాసిల్దా నీళ్ళు నమిలింది.

"కాసిల్దా, మూడు కావస్తోంది."

ఆమె బండి వైపు చూస్తూ మాట్లాడింది, మనుషుల వైపు కాదు. "మా అన్న షెడ్లో పొయ్యిమీద పెద్ద ఇనప డ్రమ్ముంటుంది. టూరిస్టు బండ్లు కడగడానికి రాత్రంతా వెచ్చగా ఉంచుతాడు. శుక్రవారం సాయంత్రం నేనే దగ్గరుండి నింపాను. శనివారం తెల్లారగట్ల బకెట్ తీసుకుని వెళ్ళాను, ఎప్పుడూ వెళ్ళినట్టే. డ్రమ్ము ఖాళీగా ఉంది. అడుగున తడి కూడా లేదు."

"అడిగావా?"

"చిల్లు పడిందన్నాడు. సరే అనుకున్నాను. మధ్యాహ్నం వెళ్తే నిండుగా ఉంది. చిల్లు ఎవరు మాట్లేశారని అడగలేదక్కా. అప్పటికే ఈయన్ని పట్టుకుపోయారు. అడగాలని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. వాడు నాకు అన్న. నాన్న పోతే నన్ను పెంచిందీ వాడే, పెళ్ళి చేసిందీ వాడే."

రెమెదియోస్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కొత్త కంప్రెసర్ డబ్బుకి ఆశపడి రిలే దాచేసి పాతది కాలిపోయిందన్నదెవరో, శుక్రవారం రాత్రి ఆ రిలేనే మళ్ళీ పెట్టి బండి తీసిందెవరో, తుప్పు నేలని ఇనప గుండన్నదెవరో, ఆదివారం నోరు విప్పుతానన్న లియోన్సియో కబురు ఎవరి చెవిన పడిందో, అన్నీ ఒక్క మనిషి దగ్గరికే వచ్చి ఆగాయి. చెల్లెలి మొగుడికి బండి చూసిపెడతానని వెళ్ళి, అమ్మేవాడితో చేతులు కలిపిన మనిషి దగ్గరికి. ఆవిడకి జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఇవన్నీ మాటలు," అన్నాడు అంతెసానా. కానీ ఆ గొంతులో ఇంతకుముందటి వెటకారం లేదు. "ఖాళీ డ్రమ్ము చూపించి జడ్జి దగ్గర ఏం చెప్పమంటారు? బండి నడపాలంటే తాళం కావాలి. ఉన్నది ఒక్క తాళం, అది ఆ రాత్రి క్లెమెంతే దిండు కింద ఉంది. అతనే ఒప్పుకున్నాడు. దీనికి జవాబుందా?"

పాత యజమాని పారేసుకున్నాడన్న రెండో తాళం లియోన్సియో దగ్గరే ఉండిపోయిందని, వాడి దగ్గర నుంచి ఇంకో చేతికి వెళ్ళిందని ఆవిడకి తెలుస్తూనే ఉంది. తెలిస్తే చాలదు. దూరంగా ట్రక్కు హారన్ వినబడింది. కానిస్టేబుల్ ఇంకా పట్టాల అవతలే ఉన్నాడు.

గేటు గొలుసు గలగలమంది.

బెనిగ్నో వచ్చాడు. పొట్టి మనిషి. నూనెమరకల తోలుకోటు, రెండు చేతులూ కోటు జేబుల్లో. పరుగున వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. చెల్లెల్ని చూడలేదు, లెఫ్టినెంటుని చూడలేదు. షెడ్డు కింద పూర్తి ఎత్తున నిలబడ్డ బండిని చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"దాన్నెవరు లేపారు?"

"నేనే," అంది రెమెదియోస్. "కాలిపోయిన కంప్రెసర్ బాగానే పనిచేస్తోంది బెనిగ్నో. దగ్గరికొచ్చి చూడు."

"మీకు ఈ బండి సంగతి తెలియదమ్మా. చూడండి, అలా అంత ఎత్తున నిలబెడితే గాలిసంచులు పగిలిపోతాయి. దించండి ముందు." బండి మీద ప్రేమే అతన్ని నడిపించింది. విసుక్కుంటూ, తల అడ్డంగా ఊపుకుంటూ షెడ్డు వైపు వచ్చాడు. శనివారం పోలీసులు బ్యాటరీ తీగ ఊడదీస్తుంటే పక్కనే నిలబడి చూసినవాడు. ఈ మూడు రోజుల్లో ఎన్నిసార్లు వచ్చి వెళ్ళినా బండి ఉలకలేదు, పలకలేదు. తీగ మళ్ళీ బిగించారని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంకో రెండడుగులు వేశాడు.

సైడద్దాలు మెల్లగా తెరుచుకున్నాయి. తలుపుల కింద దీపాలు వెలిగి, మట్టినేల మీద, సరిగ్గా బెనిగ్నో బూట్ల ముందు, రెండు గుండ్రటి వెలుగులు పడ్డాయి.

అంతెసానా చెయ్యి తన జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీ. గేటు వైపు చూశాడు. జీపు ఇంకా రాలేదు. అప్పుడు బెనిగ్నో కోటు వైపు చూశాడు.

బెనిగ్నో కదల్లేదు. కుడి జేబులో పిడికిలి బిగుసుకోవడం బయటికే కనబడింది. పారిపోవాలనుకుంటే గేటు తెరిచే ఉంది, బండి తలుపు అతను ముట్టుకుంటే తెరుచుకుంటుంది. ఆ రెండిటికీ మధ్య కాసిల్దా వచ్చి నిలబడింది. శాలువా జారి కిందపడినా తీసుకోలేదు.

"చూశావా అన్నా," అంది. "నిన్నే పలకరించింది."